వాగు దారి ఒకటి, పంచాయతీ హద్దు ఒకటి

(సంగారెడ్డిలో కొత్తగా ఎన్నికైన మహిళా సర్పంచులు, వార్డు సభ్యులు, మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నించి మీరు పంచాయతీరాజ్ చట్టం గురించి చాలా విన్నారు. సెక్షన్ల నంబర్లు విని విని అలసిపోయి ఉంటారు. అందుకని నేను చట్టంతో మొదలుపెట్టను. ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఊరు ఎక్కడి దాకా ఉంది?

ఇందాక చాయ్ తాగేటప్పుడు ఇదే ప్రశ్న కొందరిని అడిగాను. ఒకామె "మా పోచమ్మ గుడి దాకా" అన్నది. ఇంకొకామె "చెరువు మత్తడి దాటితే పక్క ఊరు" అన్నది. ఒక చెల్లె నవ్వి "కంపెనీ గోడ దాకా అక్కా, ఆడికెళ్లి మనది కాదు" అన్నది. మూడు జవాబులూ నిజమే. కానీ ఆ మూడో జవాబులో మన బతుకులకు సంబంధించిన పెద్ద సమస్య ఉంది. ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం.

ఊరు అని మనం ఒక్క మాట అంటాం. సర్కారు కాగితాల్లో ఆ ఒక్క ఊరే నాలుగు రకాలుగా ఉంటుంది. మొదటిది రెవెన్యూ గ్రామం. అంటే సర్వే నంబర్లు, గ్రామ నక్ష, పహాణీ. ఏది పట్టా, ఏది చెరువు శిఖం, ఏది గైరాన్ అని చెప్పేది ఇదే. పటేల్ పట్వారీల కాలంలో ఈ కాగితాలు వాళ్ల ఇళ్లల్లో ఉండేవి. ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేశాక ఆఫీసుకు చేరాయి. ఆడవాళ్ల చేతికి మాత్రం ఇప్పటికీ అరుదుగానే వస్తాయి. రెండవది గ్రామ పంచాయతీ. అంటే ఓటర్లు, వార్డులు, ఇంటి పన్ను, వీధి దీపాలు. ఈ రెండింటి హద్దులూ ఒకటే కావాలని లేదు. 2018లో 500 జనాభా దాటిన తండాలను, గూడేలను పంచాయతీలు చేసినప్పుడు ఒకే రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు వచ్చిన చోట్లు ఉన్నాయి. తండాకు సర్పంచి వచ్చింది, మంచిదే. తండా పక్కనున్న చెరువు శిఖం కాగితం మాత్రం పాత ఊరి పేరు మీదే ఉండిపోయింది.

మూడవది ఆవాసం. మనం నిజంగా బతికే చోటు ఇదే. దళితవాడ, తండా, బస్తీ. చాలా ఊళ్లలో ఇవి పల్లపు వైపు, నీళ్లు వచ్చి నిలిచే వైపు ఉంటాయి. ఇది యాదృచ్ఛికం కాదని మీకు చెప్పనక్కరలేదు. నాలుగవది పారిశ్రామికవాడ. దీని సంగతి కొంచెం తర్వాత చెప్తాను.

ఈ నాలుగు హద్దులనూ మనుషులే గీశారు. నీటి హద్దును నేల వాలు గీసింది. మన ప్రాంతం రాతి నేల, ఎత్తుపల్లాల నేల. పైన ఒక కుంట నిండితే మత్తడి దూకి కింది చెరువుకు, అది నిండితే ఇంకా కింది చెరువుకు. ఇట్లా గొలుసుగా చెరువులు కట్టుకున్నారు పెద్దలు. బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం, కిష్టారెడ్డిపేట, ముత్తంగి, ఇస్నాపూర్ ప్రాంతాల చెరువులు, కుంటలు, పాములవాగు, ఇసుకవాగు వంటి చిన్న వాగులు, వీటి నీళ్లన్నీ చివరకు నక్కవాగులో కలుస్తాయి. నక్కవాగు పటాన్‌చెరు నుంచి బయలుదేరి బాచుగూడెం, లక్డారం, పెద్దకంజర్ల, ఆరుట్ల, చిద్రుప్ప, ఇస్మాయిల్‌ఖాన్‌పేట వంటి ఊళ్ల పొలాలను ఆనుకుని పోయి గౌడిచర్ల దగ్గర మంజీరలో కలుస్తుంది. మంజీర మహారాష్ట్రలో పుట్టి, కర్ణాటక దాటి మన జిల్లాలోకి వచ్చి, నిజాంసాగర్ నింపి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మన ఊరి ఒర్రెలో ఒక తట్టెడు మురికి వేస్తే అది ఎన్ని పంచాయతీలు, ఎన్ని మండలాలు దాటుతుందో లెక్కపెట్టండి. వాగు ఏ ఊరి హద్దు దగ్గరా ఆగి పంచాయతీ అనుమతి అడగదు.

ఈ నేల మీదికి పరిశ్రమలు వచ్చాయి. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్, 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఆ తర్వాత బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం. వెనుకబడిన జిల్లాకు అభివృద్ధి అన్నారు. మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. 1980లు వచ్చేసరికి నక్కవాగు నీళ్లు రంగు మారాయి. వాగులో దిగిన పశువులు చచ్చిపోయాయి. వరినాట్లు వేసిన ఆడవాళ్ల కాళ్లకు పుండ్లు పడ్డాయి. చేదబావుల నీళ్లు, తర్వాత బోరింగు నీళ్లు కూడా తాగడానికి పనికిరాకుండా పోయాయి. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ కిషన్‌రావు వంటివారు, ఆ ఊళ్ల రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో రిట్ పడింది. అది హైకోర్టుకు వచ్చి, అక్కడి నుంచి హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ట్రిబ్యునల్ తీర్పు 2017లో వచ్చింది. కేసు వేసిన నాడు పుట్టిన ఆడపిల్లకు తీర్పు నాటికి ఇరవై ఏడేళ్లు. ఆ పిల్ల పెళ్లయి, పిల్లల్ని కని, అదే వాగు పక్కన బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడి ఉంటుంది.

కోర్టుల వల్ల మేలు జరగలేదని నేను అనను. కోర్టు జోక్యం వల్లనే ఆ ఊళ్లకు బయటి నుంచి మంచినీళ్లు వచ్చాయి. నష్టపరిహారం కూడా వచ్చింది. కానీ ఆ పరిహారం ఎకరాల లెక్కన వచ్చింది. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకు. పొలంలో కూలికి పోయి ఒళ్లు పాడుచేసుకున్న ఆమెకు ఎకరం లేదు. వాగులో బట్టలు ఉతికే చాకలి ఆమెకు, చేపలమ్మే ఆమెకు, గేదె పాలమ్మి సంసారం ఈదే ఆమెకు ఎకరం లేదు. నష్టాన్ని భూమితో కొలిస్తే భూమి లేని ఆడవాళ్ల నష్టం సున్నా అవుతుంది. ఇది గమనించాల్సిన విషయం.

1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం పెట్టారు. సమస్య తీరిందన్నారు. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వేసుకునే రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ప్రపంచమంతా ఆ సంగతి మాట్లాడుకుంది. తర్వాత శుద్ధి చేసిన నీటిని 18 కిలోమీటర్ల గొట్టం వేసి హైదరాబాద్ మురుగు కాలువలో కలిపి, అంబర్‌పేట మీదుగా మూసీకి పంపారు. మంజీర వైపు పోయేది మూసీ వైపు మళ్లింది. మూసీ కింద కూడా ఊళ్లున్నాయి. అక్కడ కూడా ఆడవాళ్లు నీళ్లలో దిగి గడ్డి కోస్తున్నారు, కూరగాయలు పండిస్తున్నారు. బరువు ఒక తల మీది నుంచి ఇంకొక తల మీదికి మారింది. ఇక్కడి చెరువుల కష్టం కూడా తీరలేదు. 2017లోనే గండిగూడెం చెరువులో చేపలు చచ్చి తేలాయి.

ఇప్పుడు ఒక అనుభవం చెప్తాను. కొన్నేళ్ల కింద ఒక ఊరి మహిళా సర్పంచి మా సంఘానికి కబురు పెట్టింది. రాత్రిపూట ట్యాంకర్లు వచ్చి ఒర్రెలో ఏదో వదిలిపోతున్నాయి, తెల్లారేసరికి ఊరంతా కంపు, కళ్ల మంటలు. మేం వెళ్లాం. ఆమె చదివింది ఐదో తరగతి. కానీ గట్టి మనిషి. ముందు కార్యదర్శిని పిలిచి దరఖాస్తు రాయమన్నది. ఆయన నక్ష చూసి "అమ్మా, ఆ సర్వే నంబరు మన పంచాయతీల లేదు, పారిశ్రామికవాడల ఉన్నది" అన్నాడు. పారిశ్రామికవాడ ఆఫీసుకు పోయాం. "గోడ లోపలిదైతే మాది, ఒర్రె మాది కాదు" అన్నారు. ఒర్రె ఎవరిదని అడిగి ఇంకో ఆఫీసుకు పోయాం. "నీళ్లు ఎంత పారుతున్నయో మేం చూస్తాం, ఏం పారుతున్నయో మేం చూడం" అన్నారు. మరో ఆఫీసుకు పోతే నీళ్ల నమూనా సీసా తెచ్చారా అని అడిగారు. తెచ్చాం అంటే, మీరు పట్టిన సీసా చెల్లదు, మా మనిషి వచ్చి పట్టాలి అన్నారు. ఆ మనిషి పదిహేను రోజులకు వచ్చాడు. అప్పటికి వాన పడి ఒర్రె కడుక్కుపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ సర్పంచి అన్న మాట నేను మరిచిపోలేదు. "ఓటేసి గెలిపించిన్రు గానీ, వాసన మీద నాకు అధికారం ఇయ్యలేదమ్మా."

ఆమెకు ఎందుకు అధికారం లేదు? ఈ ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. మూడో వంతు స్థానాలు స్త్రీలకు. 1995 ఎన్నికల్లో వేల మంది ఆడవాళ్లు మొదటిసారి పంచాయతీ ఆఫీసు గడప తొక్కారు. సారా వ్యతిరేకోద్యమంలో సారా దుకాణాల ముందు, కలెక్టరాఫీసుల ముందు కూర్చున్న ఆడవాళ్లూ వాళ్లలో ఉన్నారు. 2011లో ఆ మూడో వంతు సగమైంది. 2018 తెలంగాణ చట్టం కూడా సగం ఉంచింది. ఆ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. గ్రామ సమాఖ్య అధ్యక్షురాలిని పంచాయతీలో కో-ఆప్షన్ సభ్యురాలిగా తీసుకోవాలి. ఇవన్నీ మనం పోరాడి తెచ్చుకున్న హక్కులు. తక్కువ చేసి మాట్లాడను.

కానీ ఒక చేత్తో ఇచ్చినప్పుడు రెండో చెయ్యి ఏం చేసిందో చూడాలి. 1994 చట్టంలో కార్ఖానా కట్టాలన్నా, యంత్రాలు బిగించాలన్నా పంచాయతీ అనుమతి తీసుకోవాలని ఉంది. అదే 1990లలో పారిశ్రామికవాడలకు వేరే స్థానిక అధికార సంస్థలు పెట్టారు. వీటినే మనవాళ్లు 'ఐలా' అంటారు. ఆ గోడ లోపల ఆస్తి పన్ను వసూలు, కట్టడాల అనుమతులు వాళ్ల చేతిలో. వసూలైన ఆస్తి పన్నులో 35 శాతం స్థానిక సంస్థకు ఇవ్వాలి, మిగిలింది వాళ్ల దగ్గర ఉంటుంది. ఐలాకు ఎన్నికలు లేవు, వార్డులు లేవు, గ్రామసభ లేదు. కాబట్టి మహిళా రిజర్వేషన్ కూడా లేదు. స్త్రీలు పంచాయతీలోకి వస్తున్న కాలంలోనే, పంచాయతీలో అన్నిటికన్నా బరువైన విషయం పంచాయతీ బయటికి పోయింది.

ఇంకో ముడి ఉంది. కొత్త పరిశ్రమ పెట్టేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలని 1997 నుంచి నిబంధన ఉంది. 2006లో వచ్చిన పర్యావరణ ప్రకటనలో, ఆమోదం పొందిన పారిశ్రామికవాడల లోపల పెట్టే పరిశ్రమలకు ఆ సేకరణ అవసరం లేదని మినహాయింపు పెట్టారు. మన దగ్గర కంపెనీలు ఎక్కువగా ఉన్నది ఎక్కడ? ఆ వాడల్లోనే. 2014లో తెలంగాణ తెచ్చిన టీఎస్ ఐపాస్ చట్టంతో అనుమతులన్నీ ఒకే కిటికీలో, గడువు పెట్టి ఇస్తున్నారు. కంపెనీకి ఒకే కిటికీ. మనకు నాలుగు ఆఫీసులు, నాలుగు జవాబులు.

ఇది మన ఒక్కరి కథే కాదు. ఒక పోలిక చెప్తాను. ఇంగ్లండ్ పల్లెల్లో అన్నిటికన్నా కింది పాలనా విభాగాన్ని సివిల్ పారిష్ అంటారు. మన పంచాయతీ లాంటిది. 1894లో చేసిన చట్టం ప్రకారం 300 పైన జనాభా ఉన్న పారిష్‌కు ఎన్నికైన కౌన్సిల్ ఉండాలి. ప్రతి పారిష్‌లోనూ ఓటర్లందరూ కూర్చునే సభ ఉండాలి, మన గ్రామసభ మాదిరి. పెళ్లయిన స్త్రీలతో సహా స్త్రీలు ఆ కౌన్సిల్‌కు ఓటు వేయొచ్చు, పోటీ చేయొచ్చు అని ఆ చట్టమే చెప్పింది. అదే దేశంలో పార్లమెంటుకు స్త్రీలకు ఓటు 1918లో గానీ రాలేదు, అదీ 30 ఏళ్లు నిండిన కొందరికే. అంటే కింది మెట్టు మీదికి స్త్రీలను ముందు రానిచ్చారు. అయితే ఆ మెట్టు మీద ఉన్న అధికారం ఎంత? కాలిబాటలు, శ్మశానాలు, ఆటస్థలాల వంటివి. పక్కన ఏదైనా పెద్ద కట్టడం వస్తే పారిష్ కౌన్సిల్ అభిప్రాయం చెప్పొచ్చు, నిర్ణయం మాత్రం పై కౌన్సిల్‌ది. మన సర్పంచికి చెత్త బండి, నర్సరీ, శ్మశానవాటిక అప్పజెప్పి కంపెనీ సంగతి వేరేచోట తేల్చడం కూడా ఆ బాణీలోనే ఉంది. కుర్చీ ఇవ్వడం వేరు, కుర్చీలో కూర్చుని నిర్ణయించే హక్కు ఇవ్వడం వేరు.

ఇప్పుడు ఆ కుర్చీ కూడా కదులుతోంది. 2024 మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలయ్యేదాకా ఊళ్లు ప్రత్యేకాధికారుల కింద ఉన్నాయి. ఆ మధ్యలో, 2024 సెప్టెంబరులో, ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 పంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు. మన ముత్తంగి తెల్లాపూర్‌లోకి, కిష్టారెడ్డిపేట అమీన్‌పూర్‌లోకి పోయాయి. 2025లో ఇస్నాపూర్, గడ్డపోతారం మున్సిపాలిటీలయ్యాయి. అదే ఏడు డిసెంబరులో తెల్లాపూర్, అమీన్‌పూర్, బొల్లారం హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో కలిశాయి. రోడ్లు, డ్రైనేజీలు వస్తాయంటారు, రావచ్చు. కానీ మున్సిపాలిటీలో గ్రామసభ లేదు. వార్డు కమిటీలుంటాయి, వాటిలో కొద్దిమందికే చోటు. ఊళ్లో ప్రతి ఆడమనిషీ లేచి నిలబడి అడగగలిగిన ఒక్క సభ, హద్దు గీత మారగానే మాయమైంది. మిమ్మల్ని అడిగి కలిపారా అని ఆ ఊళ్ల అక్కలను అడగండి.

ఇంకొక మాట మనసులో పెట్టుకోవాలి. కంపెనీ మూసేయమంటే మన ఇంట్లోనే గొడవ వస్తుంది. కొడుకు అక్కడ కాంట్రాక్టు పని చేస్తాడు, కోడలు ప్యాకింగుకు పోతుంది. ఈ భయాన్ని చూపించి ఆడవాళ్ల నోరు మూయిస్తారు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి చోట్ల నుంచి బతకడానికి వచ్చినవాళ్లు. ఇక్కడ వాళ్లకు ఓటు లేదు, వార్డు లేదు, వాళ్ల తరఫున అడిగే సభ్యురాలు లేదు. గోడకు ఇవతల నీళ్లు పాడు చేసేదీ, అవతల ప్రాణాలు తీసేదీ ఒకే నిర్లక్ష్యం. కాబట్టి పని కావాలా, నీళ్లు కావాలా అని మనల్ని అడిగేవాళ్లకు జవాబు ఒకటే: ప్రాణం తీయని పని కావాలి, రోగం తేని నీళ్లు కావాలి.

మరి మనం ఏం చెయ్యాలి? నాకు తోచిన నాలుగు పనులు చెప్తాను.

మొదటిది, నక్ష చేతికి తీసుకోండి. తహసీల్దారు ఆఫీసులో మీ గ్రామ నక్ష నకలు అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఆ నక్ష నేల మీద పరిచి సంఘం ఆడవాళ్లంతా చుట్టూ కూర్చోండి. చెరువు ఎక్కడ, మత్తడి ఎక్కడ, పాడైన బోరింగులు ఎన్ని, ట్యాంకరు ఎక్కడ ఆగుతుంది, రాత్రి కంపు ఏ దిక్కు నుంచి వస్తుంది, అన్నీ గుర్తు పెట్టండి. చదువు రాకపోయినా ఈ పని వస్తుంది. ఊరి నీటి దారి ఆడవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రోజూ నడిచిన దారి అది.

రెండవది, ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఏం జరిగింది. ఎవరికి దద్దుర్లు వచ్చాయి, ఎవరికి కడుపు పోయింది, ఎవరి గేదె చచ్చింది. ఆశా కార్యకర్తను కలుపుకోండి. ముప్పై ఏళ్ల పోరాటంలో పొలాల లెక్క ఉంది, ఆడవాళ్ల ఒంటి లెక్క సరిగ్గా లేదు. ఈసారి ఆ లోటు ఉండకూడదు.

మూడవది, డబ్బు లెక్క అడగండి. మీ ఊరి హద్దులోని పారిశ్రామికవాడ నుంచి ఈ ఐదేళ్లలో ఎంత ఆస్తి పన్ను వసూలైంది, మీ పంచాయతీ వాటా ఎంత, ఎంత వచ్చింది? గ్రామసభలో అడగండి. తీర్మానం పుస్తకంలో రాయించండి, చదివించుకుని విన్నాకనే సంతకమో వేలిముద్రో వేయండి. కుర్చీలో మీరుంటే సంతకం మీరే చెయ్యాలి, మీ ఇంటాయన కాదు.

నాలుగవది, అన్నిటికన్నా ముఖ్యమైంది. వాగు వెంట ఉన్న ఊళ్లన్నీ ఒకే మాట మీదికి రావాలి. ఒక్క పంచాయతీ తీర్మానాన్ని ఆఫీసు పక్కన పడేస్తుంది. పై ఊరు, నడిమి ఊరు, కింది ఊరు, ఒకే రోజు, ఒకే తీర్మానం చేసి పంపితే ఏ ఆఫీసూ "మా సర్వే నంబరు కాదు" అనలేదు. మున్సిపాలిటీలో కలిసిన ఊళ్ల మహిళా సంఘాలను కూడా కలుపుకోండి. సర్కారు గీతలు వాళ్లను మన నుంచి విడదీసినా, వాగు ఇంకా కలిపే ఉంచింది.

ఆ సర్పంచి సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె పదవీకాలం అయిపోయింది, ఒర్రె కేసు ఏమీ తేలలేదు. అయితే ఆమె ఊరుకోలేదు. పక్క మూడు ఊళ్ల సంఘాలకు తిరిగి, వంతులవారీగా రాత్రిపూట ఒర్రె దగ్గర కూర్చునే ఏర్పాటు చేసింది. చేతిలో టార్చిలైటు, ఫోను, ఒక నోటుబుక్కు. ఆడవాళ్లు కూర్చున్న రాత్రుళ్లు ట్యాంకరు రాలేదు. ఏ చట్టంలోనూ లేని ఒక పంచాయతీని వాళ్లు ఆ ఒర్రె గట్టు మీద పెట్టుకున్నారు.

అందుకే ఇందాకటి చెల్లెకు చెప్తున్నాను. మన ఊరు కంపెనీ గోడ దగ్గర ఆగదమ్మా. మన బిందెలోకి వచ్చే నీళ్లు ఎక్కడ పుట్టాయో అక్కడి నుంచి, మనం పారబోసిన నీళ్లు ఎక్కడికి చేరతాయో అక్కడి దాకా మన ఊరే. రేపు మీరు గ్రామసభలో లేచి నిలబడినప్పుడు ఆ ఊరి తరఫున మాట్లాడండి.

సెలవు.